కరిగిపోవు దారము: జోసెఫ్ లిస్టరు గారి జీవిత వృత్తాంతము



గడచిన కోతల కాలములో, రేపల్లె వైపునగల మా సంఘములోని ఒక యౌవనస్థుడు వరిబస్తాల ట్రాక్టరుమీదనుండి పడెను. ట్రక్కు అంచు రొమ్మునకు తగిలి ప్రక్కటెముకలు రెండు విరిగెను. విరిగిన ఎముక మొన లోపలి ఊపిరితిత్తిని చీల్చెను. మొదట తెనాలికిని, అక్కడనుండి గుంటూరునకును తీసికొనిపోయిరి. రొమ్ములోనికి ఒక గొట్టము వేసి, దాని రెండవ కొనను నీటిసీసాలో ముంచి యుంచిరి. ఊపిరితిత్తి చిల్లునుండి తప్పించుకొను గాలి ఆ నీటిలో బుడగలై పైకి వచ్చుచుండెను. చాలమందికి ఆ బుడగలు కొద్ది దినములలో తమంతట తామే ఆగిపోవునట. ఇతనికి వారము దాటినను ఆగలేదు. కాబట్టి వైద్యులు రొమ్ము తెరచి, చీలిన చోటును కుట్టి, దానిమీద పలుచని పొర నొకదానిని అంటించి మూసిరి. బుడగలు ఆగెను. గొట్టము తీసివేసిరి. మనిషి ఇల్లు చేరెను.

నేను చూడబోయినప్పుడు అతడు నులకమంచముమీద ముందునకు వంగి, చేతితో ప్రక్కను అదిమిపట్టుకొని కూర్చుండి యుండెను. ఊపిరి పీల్చి మూడు బంతులు పైకి లేపవలెనని ఆసుపత్రివారిచ్చిన పరికరము గూటిలో దుమ్ముపట్టి యుండెను. దగ్గు వచ్చినను గొంతులోనే అణచుకొనుచుండెను. కారణమేమని అడుగగా అతని తల్లి చెప్పినది. లోపలి కుట్లు విప్పనక్కరలేదు, ఆ దారము దానంతట అదే కరిగిపోవునని డాక్టరుగారు చెప్పిరట. వారు ధైర్యమునకు చెప్పిన ఆ మాటయే ఆ తల్లికి భయమును పుట్టించెను. గోనెసంచి కుట్టిన పురికొస చివికినచో ధాన్యము నేలపాలగును గదా, దారము కరిగిననాడు నా బిడ్డ ఊపిరి ఏమగును అయ్యగారూ, అని ఆమె నన్ను అడిగెను. తల్లి భయము కుమారునికి సోకెను. దగ్గినచో కుట్టు తెగునని అతడు దగ్గుట మానెను.

ఆ ప్రశ్నకు నాయొద్ద జవాబు లేకపోయెను. ప్రార్థన చేసి బయలుదేరితిని గాని, దారిపొడుగునను పురికొస సంగతియే మనస్సులో మెదలుచుండెను. మరుసటి వారము బాపట్లలో నాకు పరిచయముగల ఒక శస్త్రవైద్యుని కలిసికొని అడిగితిని. ఆయన చెప్పినదియు, తరువాత నేను పుస్తకములలో చదివినదియు కలిపి చూడగా, రేపల్లె తల్లి అడిగిన ప్రశ్నను ఒక మనుష్యుడు ఆమెకంటె నూటయేబది సంవత్సరములు ముందుగా తన చేతిలోనికి తీసికొని, నలువది యేండ్లవరకు విడువలేదని తెలిసెను. ఆయనయే జోసెఫ్ లిస్టరు గారు.

లిస్టరు గారు 1827వ సంవత్సరము ఏప్రిల్ 5వ తేదీన ఇంగ్లండు దేశములో, లండను సమీపమునగల అప్టన్ అను ఊరిలో జన్మించిరి. తండ్రి జోసెఫ్ జాక్సన్ లిస్టరు వర్తకుడు. అయితే తీరికవేళలలో అద్దములు కూర్చి, సూక్ష్మదర్శినిలోని మసక పోవునట్లు దానిని బాగుచేసిన ప్రజ్ఞాశాలి. కంటికి కనబడని వాటిని చూచు అలవాటు కుమారునికి ఆ ఇంటనే అబ్బెను. ఆ కుటుంబమువారు క్వేకరులు. క్వేకరుల కూడికలో పాదిరి యుండడు, పాటలు నుండవు. అందరును మౌనముగా కూర్చుందురు, ప్రేరేపణ కలిగినవారు లేచి మాటలాడుదురు. తప్పెటలకు, తాళములకు అలవాటుపడిన మన పల్లె సంఘములవారికి అది కూడికవలెనే తోచదు.

1846లో లిస్టరు గారి అన్న మెదడులో గడ్డ లేచి మరణించెను. మరుసటి సంవత్సరము ఈయన లండను యూనివర్సిటీ కాలేజీలో పట్టము పొందిరి. ఆ ప్రాంతముననే మశూచి కూడ సోకెను. అది స్వల్పముగా పోయినను మనస్సు మిక్కిలి కృంగిపోయెను. చదువు విడిచి దైవసేవలో ప్రవేశింతునని తలంచిరి. దేవుని సేవించుటకు వైద్యముకూడ త్రోవయేనని తండ్రి నచ్చచెప్పి, కొంతకాలము విశ్రాంతికి పంపిరి. మావంటి పాదిరులకు ఈ సంగతి కొంచెము నొప్పి కలిగించవచ్చును గాని, ఆ తండ్రి సలహా మంచిదేయని నా అభిప్రాయము.

1852లో వైద్యపట్టము పొంది, మరుసటి యేట స్కాట్లండులోని ఎడింబరోకు పోయి, జేమ్స్ సైమ్ అను గొప్ప శస్త్రవైద్యునియొద్ద చేరిరి. 1856లో ఆయన కుమార్తె ఆగ్నెస్ గారిని వివాహము చేసికొనిరి. ఆమె క్వేకరు కాదు. సంఘము వెలుపల వివాహమాడుట ఆ దినములలో క్వేకరులు ఒప్పుకొనరు గనుక, లిస్టరు గారు తాను పుట్టిన సంఘమును విడిచి స్కాట్లండు ఎపిస్కోపల్ సంఘములో చేరిరి. ఆ దంపతులకు పిల్లలు లేరు. భర్త చేసిన పరీక్షలను ప్రక్కనే కూర్చుండి పుస్తకములలో వ్రాసిపెట్టినది ఆ యమ్మగారే. లిస్టరు గారి నోటుపుస్తకములలో అనేక పుటలు ఆమె చేతివ్రాతలో నున్నవి.

1860లో గ్లాస్గో విశ్వవిద్యాలయములో ఆచార్యులై, మరుసటి సంవత్సరము అక్కడి పెద్ద ఆసుపత్రిలో పని ప్రారంభించిరి. అప్పటి ఆసుపత్రుల సంగతి మనము ఊహింపలేము. కత్తి కోతకు బ్రతికినవాడు కోత చేసిన గాయము కుళ్ళి చచ్చుచుండెను. 1864, 1866 సంవత్సరములలో లిస్టరు గారు కాలో చేయియో తీసివేసిన 35 మందిలో 16 మంది మరణించిరి. ఫ్రాన్సు దేశస్థుడైన పాశ్చర్ గారు, పులియుటకును కుళ్ళుటకును కారణము కంటికి కనబడని సూక్ష్మజీవులేయని వ్రాసిన వ్రాతలు 1865లో లిస్టరు గారికి అందెను. ద్రాక్షరసము కుళ్ళినట్లే మాంసమును కుళ్ళుచున్నది గదా యని ఆయనకు తోచెను. కార్లైల్ పట్టణములో మురుగునీటి దుర్వాసన పోగొట్టుటకు కార్బాలిక్ ఆమ్లము పోయుచున్నారని విని దానిని తెప్పించిరి. 1865 ఆగస్టు 12వ తేదీన, బండిచక్రము క్రింద కాలు విరిగి ఎముక చర్మమును చీల్చుకొని వచ్చిన జేమ్స్ గ్రీన్‌లీస్ అను పదునొకండేండ్ల బాలుని గాయముమీద ఆ ఆమ్లములో తడిపిన గుడ్డ వేసిరి. ఆరు వారములు దాటగానే ఆ బాలుడు రెండు కాళ్ళతో ఇంటికి పోయెను. తరువాతి మూడేండ్లలో అవయవములు తీసివేయబడిన 40 మందిలో మరణించినవారు 6 గురు మాత్రమే. ఈ చరిత్ర అనేకులు వ్రాసిరి గనుక నేను విస్తరింపను. నాకు కావలసినది దారపు సంగతి.

రక్తనాళము తెగినచో దానిని దారముతో బిగించి ముడివేయవలెను. ఆ దినములలో దానికి పట్టుదారమునో నారదారమునో వాడుచుండిరి. ముడివేసిన తరువాత దారపు కొనను కత్తిరింపక, పొడుగుగా గాయము వెలుపలికి వ్రేలాడ విడుచుదురు. ఏలయనగా ఆ దారము లోపల చీముపట్టును. చీముతో ముడిక్రింది మాంసము కుళ్ళి ఊడిననాడు, ముడి కొనతోకూడ వెలుపలికి రావలెను. వైద్యుడు దినదినము ఆ కొనను మెల్లగా లాగి చూచును. అది ఊడివచ్చు నాటికి నాళము లోపల గట్టిగా మూసికొని యున్నచో రోగి బ్రతుకును. మూసికొననిచో పదియవ దినముననో పదునైదవ దినముననో, బాగుపడుచున్నాడనుకొన్నవాని పక్క రక్తముతో తడిసిపోవును. కాబట్టి రేపల్లె తల్లి భయము వెఱ్ఱిభయము కాదు. ముడి ఊడిననాడు ప్రాణము పోవుట ఒకప్పుడు ఆసుపత్రులలో కంటితో చూచిన సంగతియే.

దారమును సూక్ష్మజీవులు లేనిదిగా చేసి, కొనలు దగ్గరగా కత్తిరించి, లోపలనే విడిచి గాయమును మూసినచో ఏమగును? 1867 డిసెంబరులో లిస్టరు గారు కార్బాలిక్ ఆమ్లములో నానిన పట్టుదారముతో ఒక గుఱ్ఱపు మెడనాళమును ముడివేసి మూసిరి. గాయము శుభ్రముగా మానెను. కొన్ని వారములకు ఆ గుఱ్ఱము మరియొక కారణమువలన చావగా తెరచి చూచిరి. చీము లేదు, అయితే పట్టు ముడి అక్కడనే యుండెను. మరుసటి నెలలో ఒక స్త్రీకి తొడకు రక్తము తెచ్చు పెద్దనాళము ఉబ్బగా అట్లే ముడివేసిరి. ఆమె కోలుకొని, ఆ సంవత్సరములోనే మరియొక నాళము పగిలి మరణించెను. ముడివేసిన చోటును పరీక్షింపగా పట్టుదారము పూర్తిగా పోలేదు, దానిచుట్టు చీమువంటి రసము కొంచెముగా చేరి యుండెను. పట్టు శరీరములో పరదేశివలె మిగిలిపోవుచున్నది. శరీరము తనలో కలుపుకొనగల దారము కావలెనని లిస్టరు గారు నిశ్చయించిరి.

అట్టి దారము వాద్యగాండ్రయొద్ద యుండెను. ఫిడేలునకు కట్టు తీగ గొఱ్ఱెపేగు పొరను మెలిపెట్టి చేయుదురు. ఇంగ్లీషువారు దానిని క్యాట్‌గట్ అందురు. పేరు పిల్లిపేగని చెప్పుచున్నను, దానికిని పిల్లికిని ఏ సంబంధమును లేదు. 1868 డిసెంబరు 31వ తేదీన, అప్టన్‌లోని తండ్రిగారి ఇంటిలో, ఒక దూడకు మత్తుమందిచ్చి, దాని మెడనాళమును రెండుచోట్ల ముడివేసిరి. ఒక ముడి ఎద్దు కడుపులోని పొరను చీల్చి పేనిన దారముతోను, రెండవది సన్నని క్యాట్‌గట్‌తోను వేసిరి. రెండును కార్బాలిక్ ఆమ్లములో నానినవే. విద్యార్థియైన మేనల్లుడు రిక్‌మన్ గాడ్లీ ప్రక్కన నిలిచి సహాయము చేసెను. లోకమంతయు క్రొత్త సంవత్సరమునకు కనిపెట్టుచుండగా ఆ యింట దూడమెడకు కుట్లు పడుచుండెను.

ముప్పది దినములైన తరువాత దూడను కోసి ఆ నాళమును పరీక్షించిరి. మొదట చూడగా ముడులు రెండును వేసినవి వేసినట్లే కనబడెను. అయితే కోసి చూడగా అది దారము కాదు. దారమున్న చోట, దారపు రూపములోనే, సజీవమైన మాంసపు పట్టెలు నాళముచుట్టు పెనవేసికొని యుండెను. దారము మెత్తనై పోవుచుండగా, ఆ ఖాళీలోనికి శరీరము తన సొంత కణములను పంపి నింపుకొనెను. నాళము అక్కడ తెగిపోవలసినదిపోయి మునుపటికంటె దృఢముగా నుండెను. 1869 ఏప్రిల్‌లో లిస్టరు గారు దీనిని లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రచురించిరి. దారమే మాంసముగా మారెనని ఆయన మొదట తలంచిరి. దారము కరుగును, దాని స్థలమును మాంసము ఆక్రమించునని తరువాత స్పష్టమాయెను. తండ్రిగారు ఆ సంవత్సరము అక్టోబరులో పరమపదించిరి.

ఆ తల్లికి నేను ఇవ్వవలసిన జవాబు ఆ దూడమెడలోనే యున్నది. గోనెసంచి చచ్చిన నార, అది తన చిరుగును తాను పూడ్చుకొనలేదు. అందుచేత పురికొస కలకాలముండవలెను. ఊపిరితిత్తి బ్రతికియున్నది. దారముతో దానికి పని కొన్ని వారములే.

అయితే సంగతి అంత సులభముగా ముగియలేదు. క్యాట్‌గట్ ఒక్కొక్కప్పుడు మాంసము అతుకుకొనకముందే కరిగిపోయెను, ఒక్కొక్కప్పుడు ముడి జారెను. చీముపట్టిన గాయములో అది మరింత త్వరగా కరిగెను. ఇతర వైద్యులు దానిని తప్పుపట్టిరి. లిస్టరు గారు కోపగించుకొనక, తోలును పదునుచేయువారివలె దారమును పదునుచేయు మార్గములు వెదకిరి. అనేక సంవత్సరములు పరీక్షించి, క్రోమిక్ ఆమ్లములో నానబెట్టినచో అది ఎక్కువ దినములు నిలుచునని 1881లో ప్రకటించిరి. ఈ నాటికిని క్రోమిక్ క్యాట్‌గట్ అను పేరు వైద్యులకు తెలియును. 1908లో, ఎనుబది యేండ్లు దాటిన తరువాతకూడ, ఆ దారమును తయారుచేయు విధమును గూర్చి వ్రాసిరి. గాలిలోని క్రిములను చంపుటకు తాను ప్రవేశపెట్టిన కార్బాలిక్ తుంపరలు అనవసరమని తెలిసికొని, 1890లో బహిరంగముగా ఒప్పుకొని విడిచిరి. తన పేరు మోసిన పద్ధతిని తానే త్రోసివేయుట అందరికి చేతగాదు. ఆయనను గూర్చి నాకు మిక్కిలి నచ్చిన సంగతి ఇదియే.

మిగిలిన జీవితమును త్వరగా చెప్పెదను. 1869లో ఎడింబరోకు మరలిరి. 1871లో విక్టోరియా రాణిగారికి చంకలో లేచిన గడ్డను కోసిరి. 1876లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమునకు పోయి వైద్యుల మహాసభలో తన పద్ధతిని వివరించిరి. ఆ నగరములోని స్త్రీల వైద్య కళాశాలలోనే అన్నా కుగ్లర్ దొరసానిగారు 1879లో పట్టము పొంది, 1883లో గుంటూరు చేరిరి. శుభ్రముచేసిన చేతులతోను పనిముట్లతోను చేయు క్రొత్త శస్త్రవైద్యము ఆమె తరమువారితోనే మన జిల్లాకు వచ్చినది. లిస్టరు గారు 1877లో లండను కింగ్స్ కాలేజీకి మారిరి. ఆ యేడే విరిగిన మోకాలిచిప్పను వెండితీగతో కట్టిరి. ఎముక అతుకుట ఆలస్యము గనుక, అక్కడ కరిగిపోవు దారము పనికిరాదు. దేనికి ఎంతకాలము కట్టు కావలెనో చూచి దారమును ఎన్నుకొనుటయే ఆయన నేర్పిన విద్య.

1893లో దంపతులిద్దరు ఇటలీ దేశములోని రపాలో అను ఊరిలో విశ్రాంతికై యుండగా, ఆగ్నెస్ గారికి నిమ్ము చేసి నాలుగు దినములలో మరణించిరి. లోకమంతట గాయములను మాన్పిన చేతులు, ఊపిరాడని భార్య ప్రక్కన ఏమియు చేయలేకపోయెను. ఆ తరువాత ఆయనకు ఘనతలు వచ్చెను, 1895నుండి 1900వరకు రాయల్ సొసైటీకి అధ్యక్షులుగా నుండిరి, 1897లో ప్రభువు బిరుదు పొందిరి. పరిశోధనలో ప్రక్కన కూర్చుండి వ్రాయువారు మాత్రము లేరైరి.

లిస్టరు గారి కాలములో రొమ్ము తెరచి ఊపిరితిత్తిని కుట్టుట సాధ్యమైన పనిగా నుండలేదు. రొమ్ము తెరువగానే బయటి గాలి చొరబడి ఊపిరితిత్తి ముడుచుకొనిపోవును. గొట్టముద్వారా ఊపిరి అందించుచు మత్తునందుంచు విద్య ఇరువదవ శతాబ్దములో వచ్చినది. అయితే ఆ రాత్రి దూడయొద్ద నిలిచిన మేనల్లుడు గాడ్లీ గారు పెరిగి, లండనులో రొమ్ము జబ్బుల బ్రాంప్టన్ ఆసుపత్రికి శస్త్రవైద్యులై, ఊపిరితిత్తుల రోగములనుగూర్చి 1898లో వెలువడిన ఒక పెద్ద గ్రంథమునకు ఇద్దరు రచయితలలో ఒకరైరి. 1917లో మేనమామ జీవితమును వ్రాసినవారును ఆయనయే.

ఇప్పుడు మన యౌవనస్థుని రొమ్ములో నున్న దారము గొఱ్ఱెపేగు కాదు. పశువుల మెదడు వ్యాధి మనుష్యులకు సోకునేమో యను భయముచేత, ఈ శతాబ్దపు ఆరంభమున ఐరోపా దేశములవారు క్యాట్‌గట్‌ను విడిచిపెట్టిరి. దానికంటె ముందే ప్రయోగశాలలలో చేసిన దారములు వచ్చెను. వాటిలో మొదటిది పాలిగ్లైకోలిక్ ఆమ్లపు దారము. 1970 ప్రాంతమున డెక్సాన్ అను పేరుతో దానిని అమ్మకమునకు తెచ్చినది డేవిస్ అండ్ గెక్ అను శాఖ. అది అమెరికన్ సయనమిడ్ అను సంస్థకు చెందినది. భీమవరములో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు పనిచేసిన లెడర్లే ప్రయోగశాలయు ఆ సంస్థదే. సుబ్బారావు గారు 1948లోనే మరణించిరి గనుక ఈ దారములో ఆయన పాలు లేదు. అయినను పేరు కనబడగానే చెప్పకుండ నుండలేకపోతిని. 1974లో విక్రిల్ అను మరియొక దారము వచ్చెను. గుంటూరువారు వాడినది ఆ జాతి దారమేయని బాపట్ల వైద్యుడు డిశ్చార్జి కాగితము చూచి చెప్పెను.

ఈ రెండు విధముల దారములు కరుగుట ఒకే రీతిగా జరుగదు. పేగుదారము మాంసపు జాతిది గనుక, రక్తములోని తెల్లకణములు దానిని చుట్టుముట్టి, మనము తిన్న కూరను కడుపు అరిగించినట్లు అరిగించును. అందుచేత అక్కడ కొంత వేడి, వాపు కలుగును, ఎన్ని దినములు పట్టునో గట్టిగా చెప్పలేము. క్రొత్త దారము అట్లు కాదు. అది చిన్నచిన్న కొక్కెములు కలిపిన పొడుగు గొలుసు వంటిది. శరీరములోని నీరు ఒక్కొక్క కొక్కెమును విప్పుచు పోవును. మొదట దారము కంటికి చెక్కుచెదరనట్లే యుండును గాని బలము తగ్గుచుండును. రెండు వారములకు బలము ముక్కాలు భాగముండును, మూడు వారములకు సగము, నాలుగు వారములకు పావు. ఆ తరువాత తునకలై, 56 మొదలు 70 దినములలోపల కనబడకుండ పోవును. మీద అంటించిన పొరకూడ అటువంటి ఆమ్లపు అల్లికయే, దానికి మూడు నాలుగు నెలలు పట్టును. ఆరు నెలలవరకు కరుగని దారములును కలవు.

ఈ లెక్క వినగానే నాకుకూడ నాలుగవ వారముమీద భయము కలిగెను. వైద్యుడు నవ్వి, రెండవ ప్రక్క లెక్కకూడ వినుమనెను. చీలిన ఊపిరితిత్తి అంచులమీద కొద్ది గంటలలోనే రక్తపు జిగురు గడ్డకట్టి చిల్లును పూయును. కొద్ది దినములలో దానిలోనికి క్రొత్త కణములు ప్రాకివచ్చి నారలు నేయుట మొదలుపెట్టును. రెండు మూడు వారములకు ఆ మచ్చ తన భారమును తాను మోయగలిగియుండును, నెలలు గడచుకొలది గట్టిపడును. ఒకటి దిగుచుండగా మరియొకటి ఎక్కుచుండును. దారపు బలము సగమైననాటికి మాంసము దాని పనిని చాలవరకు అందుకొని యుండును.

కరిగిన దారము ఎక్కడికి పోవునని అడిగితిని. ఈ జవాబు విని నేను కొంతసేపు మాటలాడలేకపోతిని. గొలుసు విడిపోయిన తునకలు గ్లైకోలిక్ ఆమ్లముగాను, లాక్టిక్ ఆమ్లముగాను మారును. రెండవది పెరుగును పులియజేయునదే, పొలములో కష్టపడినప్పుడు మన కండలలో పుట్టునదే. శరీరము దానిని పరాయిదని ఎంచదు. కొంత మూత్రములో పోవును. తక్కినది తిన్న అన్నమువలెనే ఖర్చై, నీరుగాను బొగ్గుపులుసు గాలిగాను మారి, రక్తముతో ఊపిరితిత్తికి వచ్చి, ఊపిరితో వెలుపలికి పోవును. ఊపిరితిత్తిని కుట్టిన దారమును కొంచెము కొంచెముగా ఆ ఊపిరితిత్తియే విడిచివేయును.

ఒక హెచ్చరిక. ఆపరేషనులో వేసినదంతయు కరుగునని తలంచవద్దు. ఊపిరితిత్తి అంచులకు కొన్నిసార్లు టైటానియము లోహపు చిన్న పిన్నులు వేయుదురు, అవి జీవితాంతము లోపలనే యుండి హాని చేయవు. ఎక్సురేలో అవి కనబడినచో సూది మరచిపోయిరని వైద్యులతో తగవులాడకుడి. ఏది వేసిరో డిశ్చార్జి కాగితములో వ్రాసియుండును, దానిని పెట్టెలో భద్రపరచుడి. మరియు పైన చెప్పిన లెక్క ఆరోగ్యముగా మానుచున్న గాయమునకే చెల్లును. చుట్ట, బీడీ మానని వానికిని, చక్కెరజబ్బు అదుపులో లేనివానికిని, ఆపరేషను అయినదని పప్పు, గ్రుడ్డు మాన్పించి చారునీళ్ళు పోయు ఇంటిలోని వానికిని మాంసము ఆలస్యముగా అల్లుకొనును. దారము వానికొరకు ఆగదు. జ్వరము వచ్చినను, గాయమునుండి చీము కారినను, ఆయాసము హెచ్చినను, మెడక్రిందనో రొమ్ముమీదనో చర్మము ఉబ్బి నొక్కినప్పుడు కరకరలాడినను, ప్రార్థన చేయించుకొనుటకైనను నాకొరకు కనిపెట్టక ఆసుపత్రికి పొండి. నేను అక్కడికే వచ్చెదను.

దగ్గు సంగతికి వత్తును. ఆ యౌవనస్థునికి అపాయము దారమువలన కాదు, దగ్గకపోవుటవలన కలుగనుండెను. కఫము లోపల నిలిచినచో గాలిసంచులు ముడుచుకొని, నిమ్ము చేయును. ఆగ్నెస్ గారిని తీసికొనిపోయినది నిమ్మే. నేను మరల ఆ ఇంటికి పోయి దూడ కథనంతయు చెప్పితిని. గొడ్లను పెంచినవారు గనుక వారికి వెంటనే తెలిసెను. దూడమెడలో దారముండిన చోట మాంసము కనబడెననగానే ఆ తల్లి కొంగు నోటికి అడ్డము పెట్టుకొని వినెను. తరువాత అతడు నిటారుగా కూర్చుండి, దిండును ప్రక్కకు గట్టిగా హత్తుకొని, లోపలికి ఊపిరి తీసి దగ్గెను. కన్నీళ్ళు వచ్చెను. కళ్ళెయు వచ్చెను. కుట్టు తెగలేదు. మూడు బంతులలో ఒకటి లేచెను.

లిస్టరు గారు 1912 ఫిబ్రవరి 10వ తేదీన, సముద్రతీరమునగల వాల్మర్ అను ఊరిలో, తమ 84వ యేట కన్నుమూసిరి. రాజులను, మహాకవులను పాతిపెట్టు వెస్ట్‌మినిస్టరు ఆబీలో ఆయనకు స్థలమీయ సిద్ధపడిరి. భార్య ప్రక్కనే పెట్టవలెనని ఆయన ముందే చెప్పియుండిరి గనుక, ఆబీలో ఆరాధన మాత్రము జరిపి, వెస్ట్ హాంప్‌స్టెడ్ శ్మశానములో ఆగ్నెస్ గారి సమాధి ప్రక్కన పాతిపెట్టిరి.

డెబ్బది దినములనగా పది ఆదివారములని ఆ తల్లి లెక్క వేసికొనెను. తలుపు ప్రక్క గోడమీద బొగ్గుతో పది గీతలు గీచినది. ప్రతి ఆదివారము గుడినుండి రాగానే ఒకటి కొట్టివేయుచున్నది. నేను పోయిన వారము చూచినప్పుడు ఆరు కొట్టివేసి యుండెను. కుమారుడు ఇంటలేడు. కాలువగట్టువరకు నడచి వచ్చుటకు పోయినాడని చెప్పెను.